మేక ముట్టని చెట్టు

అనుమానం నాకు మా నాయన ఇచ్చిన ఆస్తి. మోత్కూరులో మాకు రెండు మగ్గాలుండేవి. నూలు కట్ట చేతికొస్తే నాయన ముందు వాసన చూసేవాడు, తర్వాత ఒక పోగు లాగి నోట్లో తడిపి తెంపి చూసేవాడు, ఆ తర్వాతే తెచ్చిన మనిషి ముఖం చూసేవాడు. తను నేసిన చీరనైనా తిరగేసి చూడమనేవాడు. పైకి కనబడే వైపు ఎవరైనా బాగానే నేస్తారని ఆయన నమ్మకం. నేను చదువుకొని, ట్రైనింగ్ ముగించి, గ్రామసేవికగా కొల్లాపూర్ బ్లాకుకు వచ్చినప్పుడు ఆ ఆస్తినంతా మూటగట్టుకొని వెంట తెచ్చుకున్నాను.

ఉద్యోగంలో అది బాగా పనికొచ్చింది. బాలింతలకని ఇచ్చిన పాలపొడి హోటల్లో చాయకు పోతుంటే పట్టుకున్నాను. తవ్వని మరుగుదొడ్డికి తవ్వినట్టు పెట్టిన వేలిముద్రను పట్టుకున్నాను. పట్టుకున్న ప్రతిసారీ లోలోపల సంబరంగా ఉండేది, దాచడం దేనికి. రాజమణి కళ్లలో దుమ్ము కొట్టడం ఎవరి తరమూ కాదని ఆఫీసులో అనుకుంటుంటే విని, విననట్టు నడిచేదాన్ని. అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఆ కళ్లే నా కొంప ముంచాయి. నా కొంప అంటే నాది కాదు, ఇంకొకరిది. అదే అసలు బాధ.

కొల్లాపూర్‌కు నాలుగు మైళ్ల దూరంలో ఒక ఊరు, ఊరి చివర కురుమల వాడ. నేను ఆ వాడను అనుమానించేదాన్ని, వాడ నన్ను అనుమానించేది. ముప్పై నిండని ఆడది ఒక్కతే ఊళ్లు పట్టుకొని తిరగడమేమిటి, పిల్లలను లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోవడమేమిటి అని వాళ్లకు. ఆ లెక్కతో రేపు తలకింత పన్ను వేస్తారని కొందరు, కాదు, పిల్లలను ఎక్కడికో తోలుకుపోతారని కొందరు. అందరిలోకి పెద్ద అనుమానం సుక్కమ్మది. అరవై దాటిన ముసలామె. నేనేం చెప్పినా తల ఒక పక్కకు వంచి ఓపికగా వినేది, అంతా విన్నాక ఒకటే మాట అడిగేది.

"ఊకెనే ఎందుకిస్తరు బిడ్డా?"

దీనికి ట్రైనింగ్‌లో జవాబు నేర్పలేదు.

సుక్కమ్మ కొడుకు బీరప్ప. చలి తగ్గగానే గొర్లమందను తోలుకొని సోమశిల దిక్కు కృష్ణ ఒడ్డుకు పోయేవాడు, మళ్లీ తొలకరికే రావడం. ఇంట్లో మిగిలేది సుక్కమ్మ, కోడలు జానమ్మ, రెండున్నరేళ్ల మనుమరాలు గుర్వి, పది పన్నెండు మేకలు. మేకలను మేపడం సుక్కమ్మ పని. జానమ్మకు ఇరవై ఏళ్లుంటాయేమో. ఎక్కువ మాట్లాడేది కాదు గానీ నేను చెప్పేది శ్రద్ధగా వినేది. అత్త అటు పోగానే అడగాల్సింది అడిగేది.

ఆ ఎండాకాలానికి ముందటి చలికాలం మొదట్లో బ్లాకు నుంచి టమాటా నారు వచ్చింది. ఆ దిక్కు పల్లెల్లో అప్పటికి దాన్ని విలాయతి వంకాయ అనేవాళ్లు, పట్నం పోయొచ్చిన వాళ్లు తప్ప తిన్నవాళ్లు తక్కువ. కోస్తే నెత్తురులా కారుతుందని పెద్దవాళ్లు ముట్టేవాళ్లు కాదు. నేను సుక్కమ్మకు ఆరు మొక్కలిచ్చాను. ఊరికే వచ్చిన మొక్కను పారేయడం ఆమెకు చేతకాదు కాబట్టి మేకల కొట్టం పక్కన, ఎరువు బాగా ఉన్నచోట నాటింది.

ఇక్కడ నల్లది అనే మేక గురించి చెప్పాలి. ఆ మందకంతా తల్లి. తెలియని ఆకు గానీ గింజ గానీ ఎదురైతే సుక్కమ్మ ముందు దాని ముందర పెట్టేది. అది తింటే మంచిది, ముట్టకపోతే చెడ్డది. ఇది పిచ్చి అనుకున్నాను నేను. కానీ ఆమె చిన్నతనంలో పెద్ద కరువొచ్చినప్పుడు వాళ్ల ఇంటివాళ్లు గుట్టల మీద మేకలు ఏ ఆకు తింటే ఆ ఆకు ఉడకబెట్టుకొని తిని బతికారట. వాడలో ఎవరికి తోచిన ఆకు వాళ్లు తిన్న ఇళ్లలో పీనుగులు లేచాయట. అంత చూసిన మనిషికి నా పుస్తకం కంటే మేక మూతి మీద గురి ఉండటంలో వింత లేదు.

నల్లది టమాటా మొక్క దగ్గరకొచ్చింది, ఆకు వాసన చూసింది, పెదవులు విదిలించి తుమ్మి వెళ్లిపోయింది. అంతే, తీర్పు అయిపోయింది. ఆ వాకిట్లో పచ్చగా ఏది మొలిచినా ముళ్లకంప కట్టనిదే బతకదు. టమాటాకు కంప కట్టలేదు, అయినా ఒక్క ఆకు పోలేదు. చెట్లు గుబురుగా పెరిగాయి, గుత్తులు కాశాయి, ఎర్రగా పండి రాలిపోయాయి. పిల్లలను అటు పోనివ్వలేదు. నేను వచ్చినప్పుడల్లా ఒక పండు తెంపి వాళ్ల ముందే కొరుక్కు తినేదాన్ని. సుక్కమ్మ నన్ను జాలిగా చూసేది.

ఆ తర్వాత వాడలో తట్టు పోసింది. ఇద్దరు పిల్లలు పోయారు. గుర్వి బతికింది గానీ పుల్లలా అయిపోయింది. తట్టు తగ్గాక పథ్యం. పులుపు కూడదు, ఆకుకూర కూడదు, కాయగూర కూడదు. చింతపండు, మామిడికాయ, నిమ్మకాయ ఇంటి గడప తొక్కకూడదు. పోచమ్మకు బోనం చేసి యాటపోతును కోస్తేనే పథ్యం విడవాలి. ఆ యాట తండ్రి చేతి మీదుగా తెగాలి. తండ్రి ఏమో గొర్లతో కృష్ణ ఒడ్డున ఉన్నాడు, తొలకరికి గానీ రాడు. మిగతా ఇళ్లలో పథ్యం నెలలోపే తీరిపోయింది. గుర్వికి మాత్రం సాగింది. జొన్న గటక, కాచిన మేకపాలు, మళ్లీ గటక.

సరిగ్గా అప్పుడే ఆఫీసుకు డబ్బాలొచ్చాయి. సముద్రం అవతల ఎవరో దయగలవాళ్లు పంపినవట. పైన నిగనిగలాడే ఎర్ర సేపు పండు బొమ్మ, యాపిల్ అని ఇంగ్లీషు అక్షరాలు. లోపల ఉడకబెట్టి చక్కెర కలిపిన సేపు పండు గుజ్జు, ఆవపిండి రంగులో. సేపు పండు అప్పటికి నేను రెండుసార్లే తిన్నాను, హైదరాబాద్ ట్రైనింగ్‌లో ఉండగా. జబ్బు మనిషిని చూడబోతే తీసుకుపోయే పండు అది. అలాంటిది డబ్బాలో మూతబడి, ఓడెక్కి వచ్చిందంటే అందులో ఎంత సత్తువ ఉంటుందోనని అనుకున్నాను. పాలపొడిని కూడా తూకం వేసి చూసేదాన్ని, ఆ డబ్బాను ఒక్కసారైనా తిరగేసి చూడలేదు. అచ్చు వేసిన కాగితం అతికించి ఉంది కదా. బలహీనంగా ఉన్న పిల్లల జాబితాలో గుర్వి పేరు మొదట రాసి, అందరికంటే ఎక్కువ డబ్బాలు ఆ ఇంటికే మోసుకుపోయాను. ఆ పిల్లంటే నాకు ప్రాణం.

సుక్కమ్మ మామూలుగానే అడగాల్సింది అడిగింది. బొమ్మ ఎర్రగా ఉంటే లోపలిది పసుపుపచ్చగా ఎందుకుందని కూడా అడిగింది. తొక్క తీశారన్నాను. ఒక చెంచాడు మూత మీద వేసి నల్లది ముందు పెట్టింది. నల్లది మూతతో సహా నాకి, ఇంకా కావాలని సుక్కమ్మ కొంగు పట్టుకొని గుంజింది. పథ్యం పట్టికలో డబ్బా గుజ్జు పేరు లేదు, మేక సరేనంది, ఇక అడ్డేముంది. రోజూ పొద్దున రెండు చెంచాలు, సాయంత్రం రెండు చెంచాలు. గుర్వి దానికోసం ఏడ్చేది. నేను గొప్పగా రిజిస్టర్లో రాసుకున్నాను.

ఆ మధ్య ఇంకో బ్లాకులో పని పడి నెలన్నర అటు పోలేదు. ఎండలు ముదిరాక వెళితే గుర్వి కొట్టం నీడలో పాత గొంగడి మీద పడి ఉంది. మోకాళ్లు మడిచి, కాళ్లు రెండు పక్కలకు పడేసి, కప్పలాగా. ఎత్తుకోబోతే కెవ్వున అరిచింది. గౌను పైకెత్తి చూశాను. మోకాళ్ల కింద, తొడల మీద నల్లగా కమిలిన మచ్చలు. పిడికిలి అంత ఒకటి, వేలి ముద్రల్లాంటివి నాలుగైదు. నా ఒళ్లు మండిపోయింది.

సుక్కమ్మ అప్పుడే మేకలతో తిరిగొస్తోంది. పొద్దంతా ఆమె గుట్ట మీదే ఉంటుంది, పిల్లతో ఇంట్లో ఉండేది జానమ్మ ఒక్కతే. నాకు లెక్క తేలిపోయింది. పిల్ల రాత్రింబగళ్లు ఏడుస్తోందని, నిద్ర లేదని నెలన్నర కిందటే జానమ్మ నాతో అన్నది గుర్తొచ్చింది. మొగుడు ఊళ్లో లేడు, అత్త సాధింపు, చంటిపిల్ల ఏడుపు, చేయి లేచి ఉంటుంది. ఇలాంటివి నేను ఎన్ని చూడలేదు.

అప్పటికే నలుగురు ఆడవాళ్లు చేరారు. నేను గొంతు తగ్గించలేదు.

"గీ పిల్లను కొట్టింది ఎవరు జానమ్మా? నువ్వు గాక ఇంట్ల ఇంకెవరున్నరు?"

జానమ్మ నా వంక చూసింది. నోరు తెరిచింది, మాట రాలేదు. ఆ తడబాటు చూసి నాకు ఇంకా నమ్మకం కుదిరింది. ఇంకొక్క మచ్చ కనబడినా పోలీసు పటేలుకు చెప్తానని అందరిముందూ అని వచ్చేశాను. దారి పొడుగునా పిల్ల ప్రాణం కాపాడాననే అనుకున్నాను. ఆ సంబరం ఇప్పుడు తలచుకుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

రెండు రోజులకు కబురు తెలిసింది. సుక్కమ్మ కోడలిని పుట్టింటికి తోలేసింది. బీరప్ప వచ్చాక మాట్లాడుకుందామంది, అంతవరకు పిల్ల మీద చెయ్యి వేయొద్దంది. మంచిదే అయిందనుకున్నాను. కానీ మరో రెండు రోజులకు వెళ్లి చూస్తే గుర్వి కాళ్ల మీద కొత్త మచ్చలున్నాయి. జానమ్మ లేదు. సుక్కమ్మ పిల్లను ఒళ్లోంచి దించడం లేదు, మేకలను కూడా పక్కింటి వాళ్లకు అప్పజెప్పింది. ఆమె కొట్టిందనుకోవడానికి నాకే మనసు రాలేదు. పిల్ల నోరు తెరిచి ఏడిస్తే చిగుళ్లు వాచి ఊదా రంగులో ఉన్నాయి, పళ్ల చుట్టూ నెత్తురు. కొడితే చిగుళ్లు వాస్తాయా? మొట్టమొదటిసారి నా అనుమానం నా వైపు తిరిగింది.

దవాఖానకు తీసుకుపోదామంటే సుక్కమ్మ ససేమిరా అంది. తట్టు వచ్చినప్పుడు దవాఖానకు పోయిన పిల్లలిద్దరే కదా పోయింది అంది. అది నిజమే, చివరి ఘడియలో తీసుకుపోయారు గనుక. నేను ఒక్కదాన్నే కొల్లాపూర్ నడిచాను. దవాఖానలో కాంపౌండర్ బుచ్చయ్య నాకు తెలిసినవాడు, వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరు ఆ రోజు ఉన్నాడు. చూసినదంతా చెప్పాను. కాళ్లు, మచ్చలు, చిగుళ్లు. డాక్టరు నన్ను సగంలో ఆపి, పిల్ల ఏం తింటుందని అడిగాడు. గటక, కాచిన పాలు, డబ్బా గుజ్జు. పులుపు ఏమైనా? లేదు. ఆకుకూర? లేదు. ఎన్నాళ్లుగా? మూడు నెలలు దాటింది.

ఎవరూ కొట్టలేదమ్మా అన్నాడు డాక్టరు. విటమిన్ సి అందకపోతే లోపల నెత్తురు కారి అలాగే కములుతుందట, ఎముకలు ముట్టుకుంటే నొప్పి పుడుతుందట. ఇలాగే వదిలేస్తే పిల్ల దక్కదు, పదిహేను రోజులు ఆగేది కూడా కష్టమే అన్నాడు. బిళ్లలు అయిపోయాయి, మహబూబ్‌నగర్‌కు రాస్తే వచ్చేసరికి రెండు వారాలు. ఈలోపు పుల్లటి పండో, పచ్చి కాయో కడుపులో పడాలి.

డబ్బాలో ఉన్నది పండే కదండీ అని అడిగాను, ఇంకా నమ్మకం చావక. బుచ్చయ్య బీరువాలోంచి ఆహార పదార్థాల విలువలు అచ్చువేసిన పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. ట్రైనింగ్‌లో అదే పుస్తకం మా చేతికీ ఇచ్చారు, పరీక్ష అయ్యాక అటక మీద పడేశాను. సేపు పండు వరస మీద వేలు పెట్టి చూశాను. నూరు గ్రాములకు విటమిన్ సి రెండు మిల్లీగ్రాములో, అంతకు తక్కువో. అది పచ్చి పండుకు. ఉడకబెట్టి డబ్బాలో పోసి నెలల తరబడి ఉంచాక దానికీ దిక్కులేదన్నాడు బుచ్చయ్య. టమాటా వరస చూశాను. ఇరవై ఏడు. బలం లెక్క చూస్తే చక్కెర కలిపిన గుజ్జు టమాటాకు మూడు నాలుగింతలుంది, అందుకే పిల్ల కడుపు నిండేది, ఏడుపు ఆగేది. పిల్ల మనిషిగా నిలవడానికి కావాల్సింది మాత్రం కొట్టం పక్కన ఎవరూ తెంపక రాలిపోతోంది. పేడ మీద పెరిగిన కాయకు, ఓడ మీద వచ్చిన డబ్బాకు మధ్య నేను డబ్బానే పైన కూర్చోబెట్టాను. ఇందులో మేక తప్పు ఎంతో, నా తప్పు ఎంతో నాకే తెలుసు.

నిమ్మకాయ గానీ మామిడికాయ గానీ ఆ ఇంట్లోకి పోదు, అది తెలిసిందే. పోచమ్మ కోపానికి ఇద్దరు పిల్లలు పోయిన వాడలో ఆ మాట ఎత్తితే నన్ను ఊళ్లోకే రానివ్వరు. కానీ పథ్యం పట్టిక కట్టిన పెద్దలెవరికీ టమాటా తెలియదు. డబ్బా ఏ సందులోంచి దూరిందో అదే సందులోంచి టమాటాను దూర్చాలి. అడ్డం ఒక్క నల్లదే.

సుక్కమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. జానమ్మ కొట్టలేదని, నేను తెచ్చిన డబ్బాలో విషం లేదు గానీ కావాల్సిన సారమూ లేదని, ఈ ఎర్ర పండులో ఉందని. సుక్కమ్మ తల వంచి విన్నది. నిన్న అది మంచిదన్నవు, ఇయ్యాల ఇది మంచిదంటున్నవు, రేపు ఇంకోటి అంటవు అంది. తప్పు పట్టలేకపోయాను. మేక వాసన చూసింది ఆకును, మనం తినాల్సింది పండును అన్నాను. మరి పండు పెట్టి చూడమంది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నల్లది మళ్లీ మూతి తిప్పుకుంటే గుర్వి పని అయిపోయినట్టే. అంత భారం మేక మీద వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. పండు తెంపడానికి కొట్టం వెనక్కి పోయినప్పుడు, మేకల కోసం అక్కడ పెట్టిన ఉప్పు రాయి మీద పండును రుద్దాను. ఉప్పంటే మేక ప్రాణం పెడుతుంది. తెచ్చి నల్లది ముందు పెట్టాను. నల్లది వంగి నాకింది, మళ్లీ నాకింది, అప్పుడు కొరికి తిన్నది. నేను గెలిచినట్టు సుక్కమ్మ వైపు చూశాను.

ఆమె నా కుడిచేయి పట్టుకొని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మేక కొత్త పండును ముందుగాల నాకదు బిడ్డా, కొరుకుతది. ఉప్పు రుద్దినవు గద."

రుద్దానన్నాను. ఎందుకని అడగలేదామె. నువ్వు కూడా ఆ పండును నమ్మలేదన్నమాట అంది, ఆ ఒక్క మాటకే నేను చితికిపోయాను. గుర్వి గొంగడి మీద మూలుగుతోంది. సుక్కమ్మ లేచి, తనే పోయి తన చేత్తో ఒక పండు తెంపింది. చెంబులో నీళ్లు పోసి కడిగి, కొంగుతో తుడిచి, నన్ను అవతలికి పొమ్మని నల్లది ముందు పెట్టింది. నేను గోడ దగ్గర నిలబడ్డాను. నల్లది వాసన చూసింది. తల ఎత్తి అటూ ఇటూ చూసింది. మళ్లీ వంగి ఒక్క కొరుకు కొరికింది, రసం కారిపోతుంటే మిగతాది నోట్లో వేసుకుంది. తర్వాత తనంతట తానే చెట్టు దగ్గరకు పోయి, ఆకును ముట్టకుండా పండును మాత్రం తెంపుకుంది.

సుక్కమ్మ అప్పుడు కూడా సరేననలేదు. మర్నాటి దాకా చూడాలంది. మర్నాడు తెల్లవారుతూనే వెళితే ఆమె కొట్టంలో గొంతుక్కూర్చొని మేక పెంటికలు పుల్లతో కదిపి చూస్తోంది. నల్లది తీరిగ్గా నెమరు వేస్తోంది. పిల్లకు పెట్టమంది సుక్కమ్మ.

నాలుగు పండ్లు తెంపి, గుజ్జు తీసి, గింజలు వడగట్టి గిన్నెలో పోశాను. గుర్వి మూతి బిగించింది. పుండు పడిన చిగుళ్లకు మొదటి చెంచా తగలగానే చురుక్కుమన్నట్టుంది, ఉమ్మేసి, ఆ తర్వాత పెదవులు తెరవలేదు. సుక్కమ్మ బుజ్జగించింది, పాట పాడింది, నల్లదాన్ని తెచ్చి పక్కన కట్టింది. పిల్ల తల తిప్పుకొని ఒకటే మాట, అమ్మ. బలవంతంగా పోద్దామని నేను చెంపలు పట్టుకుంటే నొప్పికి ఎంత అరిచిందంటే, నా చేతిలో చెంచా జారిపోయింది. వాకిట్లో పండ్లున్నాయి, ముసలామె ఒప్పుకుంది, మేక ఒప్పుకుంది. పిల్ల ఎవరి చేతి ముద్ద తింటుందో ఆ మనిషిని నేను నోటి మాటతో వెళ్లగొట్టాను.

సుక్కమ్మ నా వైపు చూడకుండానే అంది.

"అన్నది నువ్వు. నువ్వే పోయి తోలుకరా."

జానమ్మ పుట్టిల్లు పెంట్లవెల్లి అవతల ఒక చిన్న పల్లె. ఎండ నెత్తిన పడుతుండగా బయలుదేరి, పొద్దు వాలేలోపు చేరాను. దారిలో ఏం చెప్పాలో పదిసార్లు అనుకున్నాను. తీరా చూస్తే ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది, నన్ను చూసి చేట కింద పెట్టింది. వాళ్ల అన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, ముఖం ఎర్రగా చేసుకొని. నేను అనుకున్న మాటలేవీ రాలేదు. పిల్ల నోరు తెరుస్తలేదు, నువ్వు పెడితేనే తింటది అన్నాను. జానమ్మ అన్నకు ఏదో చెప్పి, కొంగు బిగించుకొని నాకంటే ముందు నడిచింది. బాగా చీకటి పడ్డాక ఇల్లు చేరాం. దారిలో నేను అడుగు తడబడితే ఆగింది, అంతే.

ఇంట్లోకి వస్తూనే చేతులు కడుక్కొని గిన్నె దగ్గరికి పోయింది. లోపల ఏముందని సుక్కమ్మను అడిగింది, నన్ను కాదు. సుక్కమ్మ చెప్పాక చెంచాడు తీసి నా చేతికిచ్చింది. తిన్నాను. తర్వాత తను తిన్నది. ఆ తర్వాత గుర్వి పక్కన పడుకొని, పిల్ల ముఖం తన మెడలో పెట్టుకొని, వేలితో కొద్దికొద్దిగా పెదవుల మధ్య రాసింది. పిల్ల ఏడ్చింది. ఏడుస్తూనే మింగింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి చాలాసేపు పట్టింది, మధ్యలో ఇద్దరూ రెండుసార్లు నిద్రపోయారు.

మర్నాటి నుంచి రోజుకు మూడుపూటలా అదే పని. ఆ ఆరు చెట్ల పండ్లు అయిపోతే బ్లాకు తోట నుంచి గంపలతో తెచ్చాను. మూడో రోజు ముట్టుకుంటే అరవడం మానేసింది. ఐదో రోజు మోకాలు చాపింది. బిళ్లలు రాకముందే చిగుళ్ల వాపు తగ్గుముఖం పట్టింది. సుక్కమ్మ టమాటా చెట్ల చుట్టూ ముళ్లకంప కట్టింది. ఇప్పుడు నల్లది వాటిని వదలడం లేదు మరి.

ఎనిమిదో రోజు పొద్దున నేను వెళ్లేసరికి జానమ్మ గుమ్మంలో కూర్చొని ఉంది. గుర్విని ఒళ్లో పడుకోబెట్టుకొని, వేలితో పెదవి పైకెత్తి చిగుళ్లు చూస్తోంది. వాకిట్లో ఇంకెవరూ లేరు. ఇన్ని రోజులుగా అనాలనుకున్న మాట అప్పటికి బయటికొచ్చింది. తప్పు జరిగింది జానమ్మా, నలుగురిలో నిన్ను అంత మాట అనకుండా ఉండాల్సింది అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

"మా అత్త మేకనన్న అడిగిందక్కా. నువ్వు నన్ను గూడ అడుగలే."

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను గుమ్మం ముందే నిలబడి ఉన్నాను. జానమ్మ పిల్ల గడ్డం పట్టి ముఖాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది, నోట్లోకి సరిగా కనబడక తల ఎత్తింది.

"జర జరుగు. ఎల్తురుకు అడ్డమున్నవు."

నేను పక్కకు జరిగాను.